రెండుసార్లు బ్యాటరీ వేయాల్సి వచ్చిన డాలస్ చిప్: ఒక 386 బోర్డు కేస్ స్టడీ

కంప్యూటర్ ఆన్ చేయగానే మెమరీ లెక్కపెట్టడం పూర్తయింది, ఒక బీప్ వచ్చింది, ఆ తర్వాత తెర మీద వరసగా మూడు లైన్లు పడ్డాయి. "సీమాస్ బ్యాటరీ స్టేట్ లో", అంటే సెట్టింగులు దాచే మెమరీకి బ్యాటరీ తగ్గిపోయింది. "సీమాస్ చెక్‌సమ్ ఫెయిల్యూర్", అంటే అందులో దాచినవి చెడిపోయాయి. కొనసాగాలంటే ఎఫ్1 నొక్కండి. ఏఎంఐ కంపెనీ పాత బయోస్ (ఆన్ అవగానే మొదట నడిచే ప్రోగ్రాం) చూసినవాళ్ళకి ఈ వరస బాగా తెలుసు.

దాన్ని బాగుచేయించడానికి నా దగ్గరికి తెచ్చిన పెద్దాయన రిటైర్డ్ ఇంజినీర్. "బాబూ, ఎఫ్1 నొక్కి, తేదీ కొట్టి, హార్డ్ డిస్క్ నంబర్లు ఎక్కిస్తే అంతా మామూలుగా పనిచేస్తుంది. ఆపితే మళ్ళీ మొదటికే. ఇన్నాళ్ళూ అలాగే లాక్కొచ్చాను, ఇక నా వల్ల కాదు" అన్నారు. క్యాబినెట్ మూత తీస్తే లోపలి వైపు రేకు మీద పెన్సిల్‌తో 1001, 15, 17 అని రాసి ఉంది. హార్డ్ డిస్క్ కొలతలు: సిలిండర్లు, హెడ్లు, సెక్టార్లు. "ఇది నేను రాసుకున్నదే" అన్నారు. "రాసి చాలా మంచి పని చేశారు మాస్టారూ" అన్నాను. మర్యాదకి అన్న మాట కాదు. ఆ మూడు అంకెలు లేకపోతే ఈ కేసు ఇంకో దారి పట్టేది.

మదర్‌బోర్డు 386డీఎక్స్-40 ప్రాసెసర్ ఉన్నది. మీద నల్లటి ఇటుక ముక్కలాంటి చిప్, పైన గడియారం బొమ్మ, డాలస్ (తయారుచేసిన కంపెనీ) డీఎస్1287 అని అక్షరాలు, కింద 9218 అని డేట్ కోడ్. అంటే 1992లో 18వ వారంలో తయారైంది. లోపలి సెల్ పదేళ్ళు వస్తుందని తయారుచేసినవాళ్ళు చెప్పారు. ఆ పదేళ్ళు దాటిపోయి చాలా కాలమైంది.

ఈ చిప్‌లో ఏముందో ముందు చెప్తాను, తర్వాత జరిగినవన్నీ దాంట్లోంచే వస్తాయి. 1984లో ఐబీఎం పీసీ ఏటీ వచ్చినప్పుడు అందులో గడియారానికి మోటరోలా 146818 అనే చిప్ వాడారు. దానికి క్రిస్టల్ విడిగా, బ్యాటరీ విడిగా ఉండేవి. మొత్తం 64 బైట్లు. మొదటి 14 బైట్లు గడియారానికి, దాని రిజిస్టర్లకి పోతే మిగిలిన 50 బైట్లలో బయోస్ తన సెట్టింగులు దాచుకునేది. డాలస్ వాళ్ళు అదే పని చేసే చిప్‌ని, 32,768 హెర్ట్జ్ క్రిస్టల్‌ని, ఒక లిథియం సెల్‌ని కలిపి ఒకే డబ్బాలో పెట్టి, లోపల ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పోసి మూసేశారు. 32,768 అంటే రెండుని పదిహేనుసార్లు గుణిస్తే వచ్చే సంఖ్య. దాన్ని పదిహేనుసార్లు సగం చేస్తే సరిగ్గా సెకనుకి ఒక టిక్ మిగులుతుంది.

మూసేసిన డబ్బా కాబట్టి సెల్ మార్చడం కుదరదు. కానీ దీనికి ఒక మంచి గుణం ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. అదే కాలం నాటి బోర్డుల మీద నీలం రంగు పీపాలాంటి నికెల్ కాడ్మియం బ్యాటరీలు ఉండేవి. అవి కారితే పక్కనున్న రాగి గీతలన్నిటినీ తినేస్తాయి. అలా పోయిన బోర్డులు నా దగ్గరికి చాలా వచ్చాయి. డాలస్ చిప్ అలా కాదు. తను చచ్చిపోతుంది, బోర్డుని మాత్రం చెడగొట్టదు. ఈ బోర్డు మీద ఒక్క పచ్చ మరక కూడా లేదు.

సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోకముందే రెండు విషయాలు తేల్చుకున్నాను. చచ్చింది సెల్ మాత్రమేనా, చిప్పు కూడానా? సెట్టింగులు ఎక్కించి, పవర్ ఆపకుండా కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కాను. బ్యాటరీ గురించిన లైను వచ్చింది కానీ చెక్‌సమ్ ఫెయిల్యూర్ రాలేదు, డిస్క్ అంకెలు అలాగే ఉన్నాయి. అంటే కరెంటు ఉన్నంతసేపు చిప్ గుర్తుపెట్టుకుంటోంది. రీబూట్‌కే అన్నీ చెరిగిపోయి ఉంటే చిప్‌నో, దానికి వెళ్ళే లైన్లనో అనుమానించాలి. రెండోది డాస్‌లోకి (ఆ కాలపు ఆపరేటింగ్ సిస్టం) వెళ్ళి, దాంతో వచ్చే డీబగ్ అనే ప్రోగ్రాం తెరిచి చూసింది. 70 పోర్టుకి 0డి అని పంపి, 71 పోర్టు చదివితే సెల్ స్థితి చెప్పే రిజిస్టర్ డి విలువ వస్తుంది. సెల్ బాగుంటే 80 రావాలి. నాకు 00 వచ్చింది. సెల్ అయిపోయిందని చిప్ తనే చెప్తోందన్నమాట. గడియారం మాత్రం తెర మీద నడుస్తూనే ఉంది. కాబట్టి క్రిస్టల్ బాగుంది.

తర్వాతి పని డిస్క్‌లో ఉన్నదంతా బయటికి తీయడం. దీనికి ఒక రోజు పోయినా పర్లేదు. అంకెలు మనమే ఇచ్చుకునే డిస్క్ టైపు 47 పెట్టి, మూత మీది అంకెలు ఎక్కించాను. 1001ని 15తో, 17తో గుణిస్తే 2,55,255 సెక్టార్లు, ఒక్కోటి 512 బైట్లు. మొత్తం దాదాపు 130 ఎంబీ. డిస్క్ మీది లేబుల్‌తో సరిపోయింది. ఇక్కడ ఒక జాగ్రత్త. అంకెలు తప్పు పెట్టి బూట్ చేస్తే మహా అయితే బూట్ అవదు, అంతవరకు నష్టం లేదు. కానీ తప్పు అంకెలతో ఎలాగో లోపలికి వెళ్ళి, ఫైళ్ళు చెడిపోయాయేమో అనుకుని డిస్క్ రిపేరు చేసే ప్రోగ్రాం నడిపితే అది ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే, బాగున్న పట్టికల్ని తిరగరాసి పాడుచేస్తుంది. సీమాస్ పోయిన కంప్యూటర్లలో డేటా పోవడానికి నేను చూసిన పెద్ద కారణం అదే.

ఈ వయసు డిస్క్‌ని ఇప్పటి యూఎస్‌బీ అడాప్టర్‌కి తగిలిస్తే చాలాసార్లు గుర్తించదు. ఆ అడాప్టర్లు ఎల్‌బీఏ పద్ధతిలోనే, అంటే సెక్టార్లకి వరస నంబర్లు వేసి అడుగుతాయి, ఈ డిస్కులకి సిలిండర్, హెడ్, సెక్టార్ భాష తప్ప వేరేది రాదు. అందుకే సీరియల్ కేబుల్ పెట్టి, ఎంఎస్ డాస్ 6.22తో వచ్చే ఇంటర్‌లింక్ అనే ప్రోగ్రాంతో ఇంకో కంప్యూటర్‌కి కాపీ చేశాను. దాదాపు 40 ఎంబీ రావడానికి గంట దాటింది. పెద్దాయన పక్కనే కూర్చుని ఒక్కో ఫైలు పేరు పైకి చదువుతూ పోయారు.

ఇక చిప్ సంగతి. నా ముందు మూడు దారులున్నాయి. కొత్త చిప్ కొనడం ఒకటి. వాడకుండా మిగిలిపోయిన పాత స్టాక్ దొరుకుతుంది కానీ నేను కొనను. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు లోపలి ఆసిలేటర్ (గడియారాన్ని నడిపే భాగం) ఆపి ఉంటుంది, సెల్ ఖర్చవదు అనేది నిజమే. కానీ పాతికేళ్ళు పెట్టెలో ఉన్న సెల్ ఊరికే ఉన్నా కొంత తరుగుతుంది. పైగా పాత చిప్ పైభాగం గీకి, కొత్త డేట్ కోడ్ అచ్చేసి అమ్మేవీ ఉంటాయి. రెండో దారి, బ్యాటరీ, క్రిస్టల్ లేని డీఎస్12885 చిప్‌ని చిన్న బోర్డు మీద పెట్టి, పక్కన నాణెం సెల్ హోల్డరు పెట్టి తయారుచేసిన మాడ్యూలు. ఇది శుభ్రమైన పద్ధతి. చిప్పే చచ్చిపోయి ఉంటే ఇదే చేస్తాను. మూడోది, ఉన్న చిప్‌నే కాస్త కోసి బయటి నుంచి బ్యాటరీ ఇవ్వడం. బోర్డుతో పుట్టిన చిప్ బతికే ఉన్నప్పుడు దాన్ని పారేయడం నాకు ఇష్టం ఉండదు. పెద్దాయనని అడిగితే ఆయనా అదే అన్నారు.

కోయడానికి చోటెక్కడో చెప్తాను. లోపలున్నది మామూలు 24 కాళ్ళ చిప్పే. అందులో 2, 3 కాళ్ళు క్రిస్టల్‌కి, 16, 20 కాళ్ళు సెల్‌కి పోతాయి. ఈ నాలుగింటినీ కిందికి కాకుండా పైకి వంచేశారు, అందుకే బయట ఆ చోట్లలో కాళ్ళు కనిపించవు. 20 ప్లస్, 16 మైనస్. 24వ కాలు నుంచి లెక్కపెడితే ఐదో చోటు 20, అటు చివర 13వ కాలు నుంచి లెక్కపెడితే నాలుగో చోటు 16. రెండూ ఒకే పక్క. ఆ పక్క గోడని జాగ్రత్తగా గీకితే లోపల పైకి వెళ్ళే లోహపు పట్టీలు కనిపిస్తాయి. సెల్ పైన ఉంటుంది కాబట్టి గోడ కింది భాగంలోనే గీకాలి. పైకి పోతే లిథియం సెల్‌కి తగులుతుంది, అది ఎట్టి పరిస్థితుల్లోనూ జరగకూడదు.

సాకెట్‌లో ఉన్న చిప్ అయితే తీసి చేతిలో పట్టుకుని చేయొచ్చు. ఈ బోర్డులో చిప్ నేరుగా సోల్డర్ చేసి ఉంది. పైగా గీకాల్సిన పక్క సరిగ్గా కార్డులు పెట్టే 16 బిట్ స్లాట్ వైపు ఉంది. మధ్యలో నా చిటికెన వేలు కూడా దూరదు. బోర్డు మీదే పని కానిచ్చేద్దామన్న ఆశ అక్కడే వదులుకున్నాను. చిప్‌ని ఊడదీయాలి.

పాత బోర్డు నుంచి ఇన్ని కాళ్ళ చిప్‌ని ఊడదీయడం టెన్షన్ పెట్టే పనే. తొందరపడితే రంధ్రం లోపలి రాగి పూత కాలితోపాటు ఊడొస్తుంది. ముందు ప్రతి కాలికి కొత్త సీసం సోల్డర్ కొద్దిగా కలిపాను. పాతికేళ్ళ సోల్డర్ మొండికేస్తుంది, కొత్తది కలిస్తే మెత్తబడుతుంది. తర్వాత ఫ్లక్స్ (సోల్డర్ బాగా పారేలా చేసే పదార్థం) పూసి, డీసోల్డరింగ్ పంపుతో ఒక్కో కాలు ఖాళీ చేశాను. పక్కపక్క కాళ్ళు కాకుండా ఇటొకటి అటొకటి తీసుకుంటూ, మధ్యమధ్యలో చల్లారనిచ్చాను. లోపల లిథియం సెల్ ఉంది, దాన్ని వేడెక్కించకూడదు. అందుకే ఈ చిప్ మీద హాట్ ఎయిర్ వాడను. అన్ని కాళ్ళూ సులువుగానే వదిలాయి, 12, 24 తప్ప. 12 గ్రౌండు, 24 ఐదు వోల్టులు. ఆ రెండూ బోర్డు లోపలి పెద్ద రాగి పొరలకి అంటుకుని ఉంటాయి, ఎంత వేడి పెట్టినా అవి లాగేసుకుంటాయి. వాటికి వెడల్పు మొన ఉన్న బిట్ వేసి, సోల్డర్ పూర్తిగా కరిగి మెరిసేదాకా ఆగి, అప్పుడు పంపు కొట్టాను. ప్రతి కాలునీ పట్టకారుతో కొద్దిగా కదిపి చూశాను. రంధ్రంలో స్వేచ్ఛగా కదిలితేనే వదిలినట్టు. అన్నీ కదిలాక చిప్ చేత్తోనే పైకొచ్చింది. బలం పెట్టాల్సి వస్తే ఎక్కడో ఒక కాలు ఇంకా వదల్లేదనే అర్థం.

ఖాళీ చోటులో సాకెట్ వేశాను. చిప్ లేని ఈ సమయంలోనే 21వ రంధ్రాన్ని మీటర్‌తో చూసి పెట్టుకోవాలి. పేరు చివర ఏ అని ఉండే రకాల్లో, అంటే డీఎస్1287ఏ, డీఎస్12887ఏ వంటివాటిలో, ఆ కాలు మెమరీ చెరిపేయడానికి ఉంటుంది. బోర్డు దాన్ని గ్రౌండుకి కలిపి ఉంటే, ఏ రకం పెట్టినప్పుడల్లా పవర్ ఆపగానే సెట్టింగులు చెరిగిపోతాయి. ఈ బోర్డులో 21 దేనికీ కలవలేదు. రేపు ఎవరైనా కొత్త మాడ్యూలు పెట్టాలన్నా ఇబ్బంది లేదు.

చిప్‌ని చిన్న వైస్‌లో మెత్తని గుడ్డ మధ్య పట్టి, సన్నని గ్రైండింగ్ బిట్‌తో గోడ గీకాను. మొదట నల్ల పొడి వచ్చింది, తర్వాత ఎపాక్సీ రంగు మారింది, ఆ మధ్యలో చుక్కలా ఒక వెండి మెరుపు. 20వ కాలు. అక్కడ ఆపేసి, మిగతాది బ్లేడ్ మొనతో గోకి రెండు మిల్లీమీటర్ల పట్టీ బయటికి తెచ్చాను. 16 కూడా అలాగే. మీటర్ పెడితే లోపలి సెల్ 0.9 వోల్టులు చూపించింది. మూడు ఉండాల్సింది. ఇంత చచ్చిన సెల్ ఇక ఏం చేస్తుందిలే, అలాగే ఉండనిద్దాం అనుకున్నాను. తప్పు చేసింది అక్కడే.

హోల్డరుకి రెండు సన్నని తీగలు వేసి, ఎర్రది 20కి, నల్లది 16కి సోల్డర్ చేశాను. హోల్డరు వాడాలి, నాణెం సెల్ మీద నేరుగా సోల్డర్ పెట్టకూడదు, సెల్ పాడవుతుంది, పేలే ప్రమాదం కూడా ఉంది. కొత్త సీఆర్2032 వేశాను. హోల్డరు కాళ్ళ దగ్గర 3.24 వోల్టులు. చిప్‌ని సాకెట్‌లో పెట్టి ఆన్ చేస్తే చెక్‌సమ్ ఫెయిల్యూర్ ఒక్కసారి వచ్చింది. అది రావాల్సిందే, లోపలి మెమరీలో ఏ చెత్త ఉందో ఎవరికి తెలుసు. సెట్టింగులు ఎక్కించి, ఆపి, పది నిమిషాలు ఆగి ఆన్ చేస్తే నేరుగా డాస్‌కి వెళ్ళిపోయింది. డీబగ్‌లో 80. పని అయిపోయిందనుకున్నాను.

ఏ బోర్డునీ వెంటనే ఇచ్చేయను, కనీసం వారం నా దగ్గర ఉంచుకుంటాను. ఈ అలవాటు ఈసారి కాపాడింది. తొమ్మిదో రోజు గడియారం సరిగ్గానే ఉంది, సెట్టింగులూ ఉన్నాయి. కానీ సెల్ మీద మీటర్ పెడితే 2.71 వోల్టులు. ఎన్నో ఏళ్ళు రావాల్సిన సెల్ తొమ్మిది రోజుల్లో అంత దిగిపోయింది.

ఈ చిప్ బ్యాటరీ నుంచి తీసుకునే కరెంటు మహా అయితే అర మైక్రో ఆంపియర్. ఆ లెక్కన 225 మిల్లీ ఆంప్ అవర్ సెల్ యాభై ఏళ్ళు రావాలి. అన్నేళ్ళు రాకముందే సెల్ తనంతట తాను పాతబడిపోతుంది. మరి ఇక్కడ కరెంటు ఎటు పోతోంది? పవర్ ఆపి, సెల్‌కీ చిప్‌కీ మధ్య 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, దాని రెండు చివరల మధ్య వోల్టేజ్ చూశాను. 80 మిల్లీవోల్టులు. అంటే 800 మైక్రో ఆంపియర్లు, ఉండాల్సిన దానికి పదహారు వందల రెట్లు. దాన్ని 24 గంటలతో, తొమ్మిది రోజులతో గుణిస్తే దాదాపు 173 మిల్లీ ఆంప్ అవర్లు. సెల్‌లో ముప్పావు వంతు ఖాళీ అయిపోయినట్టే. చూసిన వోల్టేజ్‌కీ ఈ లెక్కకీ సరిపోయింది.

కరెంటు తాగుతున్నది చిప్ కాదు, లోపలున్న పాత సెల్. 0.9 వోల్టుల దగ్గర ఉన్న సెల్‌ని మూడు వోల్టుల సెల్‌కి పక్కపక్కనే కలిపితే కొత్తది పాతదాన్ని చార్జ్ చేయడానికి చూస్తుంది. అది చార్జ్ చేయకూడని రకం లిథియం సెల్. కొత్త సెల్ వృథా అవడం ఒక నష్టం, మూసేసిన డబ్బాలో అలాంటి సెల్‌లోకి కరెంటు పంపడం దానికంటే పెద్ద ప్రమాదం. కొన్నిసార్లు లోపలి సెల్ పూర్తిగా తెగిపోయి ఏ కరెంటూ తీసుకోదు, అందుకే పట్టీ కోయకుండా బ్యాటరీ పెట్టినా కొందరికి ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. అది చూసి కోయక్కర్లేదు అనుకోవడం తప్పు. లోపల ఏ స్థితిలో ఉందో బయటినుంచి కనిపించదు.

తీగలు విప్పి, చిప్‌ని మళ్ళీ వైస్‌లో పెట్టాను. బయటపడిన పట్టీకి పై చివర, అంటే సెల్ వైపు, సన్నని బిట్‌తో అడ్డంగా గాటు పెట్టాను. ముందు 20, తర్వాత 16. ప్లస్ ఒక్కటి కోస్తే చాలంటారు, నేను రెండూ కోస్తాను. గాటులో పడిన లోహపు పొడి రెండు ముక్కల్నీ మళ్ళీ కలిపేయగలదు. అందుకని బ్రష్‌తో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, మీటర్ పెట్టి కలవడం లేదని చూసి, గాటులో చుక్క ఎపాక్సీ నింపాను. తీగలు ఈసారి కింది ముక్కకి, అంటే చిప్ వైపు మిగిలిన ముక్కకి సోల్డర్ చేశాను. ఆ ముక్క ఒకటిన్నర మిల్లీమీటరు కూడా లేదు. తీగ బరువు దాని మీద పడకుండా డబ్బా గోడకి కూడా ఎపాక్సీతో అంటించాను.

హోల్డరులో ఇంకో కొత్త సెల్ వేశాను. ఈసారి కరెంటు చూడడానికి 100 ఓమ్‌లు పనికిరాలేదు, మీటర్ సున్నా దగ్గరే నిలబడింది. 10 కిలో ఓమ్‌లు పెడితే 4 మిల్లీవోల్టులు. అంటే 0.4 మైక్రో ఆంపియర్లు. కంప్యూటర్ ఆన్ చేసి చూస్తే ఆ నాలుగు కూడా సున్నాకి వచ్చింది, సెల్‌లోకి తిరిగి కరెంటు వెళ్ళడం లేదు. ఆ రక్షణ చిప్ లోపలే ఉంది, కాబట్టి తీగలో డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) పెట్టక్కర్లేదు. పెడితే అక్కడే కొంత వోల్టేజ్ పోతుంది. చిప్‌కి కనీసం రెండున్నర వోల్టులు కావాలి, సెల్ కాస్త దిగగానే సరిపోకుండా పోతుంది.

హోల్డరుని చిప్ మీద అంటించలేదు. సాకెట్ వల్ల చిప్ ఇప్పటికే కొంత ఎత్తైంది, దాని మీద ఇంకో అంతస్తు పెడితే పొడవైన కార్డు తగులుతుంది. పైగా ఆ గడియారం బొమ్మ, డేట్ కోడ్ కనిపించాలి. తీగలు పొడవుగా తీసుకుని పవర్ సప్లై పక్కనున్న రేకుకి అతికించాను. సెల్ మార్చడానికి కార్డులేవీ పీకక్కర్లేదు.

తేదీ విషయంలో ఒక చిన్న సంగతి మిగిలింది. ఈ చిప్ సంవత్సరాన్ని రెండంకెల్లోనే ఉంచుకుంటుంది, శతాబ్దం సంగతి బయోస్ చూసుకోవాలి. ఈ బయోస్ సెటప్ తెర 1999 దాటి ఒప్పుకోలేదు. డాస్‌లో డేట్ కమాండ్‌తో పెడితే తీసుకుంది. డాస్ 3.3 నుంచి ఆ కమాండ్ చిప్‌లోకి కూడా రాస్తుంది. ఆపి ఆన్ చేసినా సంవత్సరం నిలిచింది. కొన్ని బోర్డుల్లో నిలవదు, అక్కడ ఆన్ అవగానే డాస్ నడిపే ఆటోఎగ్జెక్ ఫైలులో చిన్న ప్రోగ్రాం పెట్టాల్సి వస్తుంది.

ఈసారి నెల రోజులు ఉంచుకున్నాను. ముప్ఫై రోజులకి గడియారం 21 సెకన్లు వెనకబడింది. నెలకి ఒక నిమిషం అటూ ఇటూ అని చిప్ తయారీదారులు రాసుకున్న హద్దులోనే ఉంది. సెల్ 3.23 వోల్టులు.

పెద్దాయన వచ్చి ఆన్ చేశారు. మెమరీ లెక్క, ఒక బీప్, నేరుగా డాస్. అలవాటుగా ఎఫ్1 మీదికి వెళ్ళిన వేలు అక్కడే ఆగిపోయింది. మూత బిగించే ముందు ఆయన పెన్సిల్ అంకెల కిందే ఒక కాగితం అతికించాను: సెల్ రకం, వేసిన తేదీ, 20 ప్లస్, 16 మైనస్, లోపలి సెల్ రెండు వైపులా కోసి ఉంది.